వాన పేజీలో పెళ్లి ఫొటోలు

ఏప్రిల్ 9

టార్పాలిన్ల దుకాణం వాళ్లు ఏటా మా వదినకి ఒక డైరీ ఇస్తారు. ఆవిడకి రాసే అలవాటు లేదు, తెచ్చి నాకు పడేస్తుంది. నాకూ లేదు. ఇవాళ మాత్రం రాయాలనిపించింది, ఎందుకంటే నా గొప్ప చెప్పుకుందామంటే ఇంట్లో ఎవరూ లేరు. శివాజీ డ్యూటీలో ఉన్నాడు. నౌపడ స్టేషన్లో పాయింట్లు మార్చే ఉద్యోగం ఆయనది. బండి ఆలస్యమైతే మొగుడూ ఆలస్యమే.

సైరన్ మోగింది. నిజం వానకి, నిజంగా మోగింది.

పడమట మబ్బు ఇంకా సరిగ్గా పట్టకముందే ఉప్పు మడుల దగ్గర షెడ్డులో మోగిందట. ఈశ్వరి వదిన అందర్నీ గట్ల మీదికి తోలిందట. కుప్పలు పోసిన ఉప్పంతా తాటాకులూ టార్పాలిన్లూ కప్పేశాక, అప్పుడు పడిందట వాన. పక్క మడుల వాళ్లది సగం కరిగిపోయింది. పాపం అనుకుంటూనే నవ్వుకుంటున్నాను. మంచి బుద్ధి కాదు.

అన్నయ్యగారు పోయినప్పటి నుంచి ఆ కౌలు మడులు వదినే నడుపుతోంది. మడిలో ఉప్పు కట్టడానికి వారాలు పడుతుంది, కరగడానికి ఒక్క జల్లు చాలు. కిందటి వేసవిలో ఆవిడ అలా కరిగిన మడి గట్టు మీద కూర్చుని మాట్లాడకుండా ఉండిపోవడం చూశాక నేను ఈ పని మొదలుపెట్టాను. షెడ్డు మీద గాలినీ తేమనీ కొలిచే చిన్న పెట్టె ఉంది. అది మా ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్‌కి ఎప్పటికప్పుడు కబురు పంపుతుంది. విశాఖలో ఉద్యోగం మానేసినప్పుడు నాతో పాటు వచ్చేసిన లాప్‌టాప్ అది. స్క్రీన్ పగిలింది, బ్యాటరీ ఉబ్బితే తీసి పారేశాను, అయినా మెట్ల కింద కూర్చుని చెప్పిన పని చేస్తుంది. దానిలో ఒక్కో పని ప్రోగ్రామునీ విడిగా కంటైనర్ అనే డబ్బాలో కట్టి పెట్టాను, ఒకదాని గొడవ ఇంకోదానికి తగలకుండా. వాన సంగతి చూసే కంటైనర్ 8080 నంబరు పోర్టు అనే గుమ్మం దగ్గర కూర్చుని పెట్టె పంపే కబుర్లు వింటుంది. అనుమానం వస్తే షెడ్డులో సైరన్ మోగిస్తుంది. అదే 8080 దగ్గర ఒక పేజీ కూడా చూపిస్తుంది, ఎండ బొమ్మో మబ్బు బొమ్మో. ఆ లింకు మడుల వాళ్లందరి ఫోన్లలో పెట్టాను. చదువు రాని వాళ్లకి కూడా అర్థమవుతుంది.

వదిన సాయంత్రం జీడిపప్పు ఉప్మా గిన్నెతో వచ్చింది. పొగడటం ఆవిడకి చేతకాదు, అందుకని గిన్నె. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి అంది: "అసిరయ్యకి సెప్పీసినాను. ఇంక మబ్బుకేసి సూడక్కర్నేదు, ఆ సైరన్ డబ్బా మీద పచ్చలైటు ఎలుగుతందో నేదో సూసుకుంటే సాలని."

అసిరయ్య షెడ్డు కాపలా. ఏళ్ల తరబడి పడమటికి చూసి కేకేసే పని అతనిదే. అతని భార్య దానమ్మ ఉప్పు గీసే ఆడవాళ్లలో ఉంటుంది.

ఆ మాట విని నాకు మహా గర్వంగా ఉంది.

ఏప్రిల్ 17

వదిన కూతురు అనిత ఇవాళ నెల్లిమర్ల వెళ్లిపోయింది, అత్తవారింటికి. పెళ్లి ఫొటోలు అందరూ ఫోన్లో చూసుకునేలా పెట్టమని పెళ్లయిన నాటి నుంచి నా ప్రాణం తీస్తోంది. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ బీరువాలో పడి ఉంది. ఇదిగో అదిగో అంటూ ఇవాళ్టిదాకా తెచ్చాను. తీరా బండి టైముకి వచ్చి నెత్తి మీద నిలబడింది.

ఆల్బంకి తయారుగా దొరికే కంటైనర్ ఒకటి దించాను. అది కూడా 8080 కావాలంది. పెళ్లిలో అందరికీ ముందు వరస కుర్చీయే కావాలన్నట్టు, ఇలాంటివన్నీ ఆ నంబరు మీదే పడతాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, ఒక పోర్టు దగ్గర ఇద్దరు కూర్చోలేరు. నంబరు మార్చి 8090 ఇచ్చాను. పేజీ వచ్చింది గానీ ఫొటోలు రాలేదు, ఇంకెక్కడో కూడా మార్చాలి. వెతుకుదామంటే అనిత "అత్తా, బండొచ్చీస్తాది" అని ఒకటే పోరు. బయట నిప్పులు చెరిగే ఎండ, మబ్బు తునక లేదు. సరే అని వానని కాసేపు ఆపి దాని చోట ఆల్బంని కూర్చోబెట్టాను.

ఫొటోలు వచ్చాయి. పిల్ల మురిసిపోయింది. వదిన ఐతే తలంబ్రాల ఫొటో దగ్గర ఆగిపోయి ముందుకి జరపనివ్వలేదు. వాళ్లు స్టేషన్‌కి బయల్దేరాక ఆల్బంని ఆపి వానని లేపాను. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

భోజనం దగ్గర శివాజీకి చెబితే పడి పడి నవ్వాడు. "ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద బండి ఉండగా ఇంకో బండికి లైనిచ్చినావేటే? రైల్వేలో అయితే నీ ఉజ్జోగం ఊడిపోను" అన్నాడు. మొదటి బండిని పంపించే రెండోదాన్ని రానిచ్చానని చెప్పాను.

రేపు ఆల్బంకి 8090 సరిగ్గా ఇచ్చి పెట్టాలి.

ఏప్రిల్ 18

8090. రేపు.

ఏప్రిల్ 22

ఇంట్లో కూర్చుని చేసే నా ఆన్‌లైన్ పని నెత్తికెక్కింది. ఆల్బం సంగతి చూడలేదు. ఆపేసే ఉంది కదా, లేచొచ్చి కరవదు.

ఏప్రిల్ 29

మడులకి వెళ్లాను. పెట్టె మీద ఉప్పు పేరుకుంటే తుడవాలి. ఆ తెలుపులో నిలబడితే కళ్లు మూసుకున్నా వెలుతురే. దానమ్మ వాళ్లు కాళ్లకి పాత సాక్సులు తొడుక్కుని గీస్తున్నారు. నన్ను చూసి ఆడవాళ్లంతా ఫోన్లు తీసి ఎండ బొమ్మ చూపించి నవ్వారు.

అసిరయ్య సైరన్ డబ్బాని తువ్వాలుతో తుడుస్తున్నాడు, దేవుడి పటం తుడిచినట్టు. కరెంటు పోతే ఇది చచ్చిపోతుందా అని అడిగాడు. పోయినా, వచ్చాక దానంతట అదే లేస్తుంది, నువ్వు దేన్నీ ముట్టుకోకు, పచ్చలైటు ఉంటే చాలు అన్నాను. ఆ లైటు చెప్పేది సైరన్‌కి కరెంటు ఉందని మాత్రమే. మా ఇంట్లో వాన కంటైనర్ మేలుకుని ఉందో లేదో దానికి తెలీదు. ఆ తేడా అతనికి చెప్పబోయి, ఎందుకులే, తికమక పడతాడు అనుకున్నాను.

మే 4, ఆదివారం

వాన పడింది. సైరన్ మోగలేదు.

మే 5

నిన్న మేం అరసవల్లిలో ఉన్నాం. మొక్కు. ఫోన్లు కౌంటర్లో ఇచ్చి క్యూలో నిలబడ్డాం. బయటికి వచ్చేసరికి శ్రీకాకుళం అంతా ఈదురుగాలి, ఆటో టాపులు ఎగిరిపోతున్నాయి. శివాజీ ఉత్తరం వైపు చూసి, మనవైపు దంచుతున్నట్టుంది అన్నాడు. ఏం ఫర్వాలేదు, ఈపాటికి మోగే ఉంటుంది అన్నాను. ధీమాగా అన్నాను. అన్నాక ప్రసాదం కొనుక్కున్నాను కూడా.

ఇవాళ పొద్దున్నే మడులకి వెళ్లాం. కుప్పలు లేవు. కుప్పలు ఉన్నచోట చిన్న చిన్న తెల్లటి దిబ్బలు మిగిలాయి, అవీ నీళ్లోడుతున్నాయి. కట్టడానికి సిద్ధంగా చిక్కబడ్డ నీళ్లలో వాన నీళ్లు కలిసి మడులన్నీ పల్చబడిపోయాయి. మళ్లీ మొదటి నుంచి ఎండబెట్టాలి. తాటాకులు మాత్రం పొందిగ్గా కట్టలు కట్టి షెడ్డు పక్కనే ఉన్నాయి, ఒక్కటీ విప్పకుండా.

వదిన ఏడవలేదు. నన్ను చూసి, ఏమైంది నీ మిషనుకి అని మాత్రం అడిగింది. ఆదివారం తెల్లవారుజామున కరెంటు పోయింది కదా వదినా అన్నాను. పోయింది. అబద్ధం కాదు.

మే 6

లాప్‌టాప్ చూశాను. కరెంటు వచ్చాక వాన కంటైనర్ లేవలేదు. కరెంటు వల్లే. ఇప్పుడు సరిచేశాను, నడుస్తోంది.

వదిన అసిరయ్య దగ్గర షెడ్డు తాళం తీసేసుకుందని శివాజీ చెప్పాడు. పదిమందిలో నిలబెట్టి, ఆకాశం చూడటం మానేశావు, లైటు చూడటం కూడా చేతకాలేదా, పడుకున్నావా అని అడిగిందట. అతను తాళం విప్పి ఆవిడ చేతిలో పెట్టేశాడట.

మే 7

ఇవాళ అసిరయ్య ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. కూర్చోమంటే మెట్టు మీద కూర్చున్నాడు, మెట్ల కింద లాప్‌టాప్ గురగుర వినబడే చోట.

"నువ్వు అంత కష్టపడి కట్టినావు, ఝాన్సమ్మా. నాను నిలబెట్టనేకపోయినాను" అన్నాడు. పచ్చలైటు వెలుగుతూనే ఉందట. పొద్దున్నా చూశాడు, మధ్యాహ్నమూ చూశాడు. గాలి తిరిగినట్టు అనిపించిందట గానీ, "ఇంకొంచెం గట్టిగా సెప్పుండాల్సింది. మిషను మోగనప్పుడు నాదే తప్పేమో అనుకున్నాను."

ఎవరికి గట్టిగా చెప్పుండాల్సింది అని నేను అడగలేదు. అడిగితే అక్కడే తేలిపోయేది. టీ ఇచ్చాను. చక్కెర ఎక్కువ వేశాను. ఫర్వాలేదులే అసిరయ్యా అన్నాను.

ఫర్వాలేదులే అన్నాను. నేను, అతనితో!

మే 9

రాయకుండా ఉంటే లేనట్టు కాదు.

ఆరో తారీకున లాప్‌టాప్ తెరిచినప్పుడు వాన కంటైనర్ వదిలిన ఎర్రటి లైను చూశాను. ఆ పోర్టు ఇంతకు ముందే వేరేవాళ్లకి ఇచ్చేశాం అని ఉంది. వేరేవాళ్లు ఎవరో తెలుసుకోవడానికి నాకు ఆలోచన అక్కర్లేకపోయింది. 8080 దగ్గర ఆల్బం కూర్చుని ఉంది, పట్టుచీరలో అనిత.

ఆపాను, తీసెయ్యలేదు. అదీ జరిగింది. ఆ రోజు కంగారులో ఆల్బంకి "ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి" అని రాసిచ్చాను, వానకి రాసిచ్చినట్టే. అలా రాసిచ్చినదాన్ని చేత్తో ఆపితే ఆగుతుంది గానీ, మొత్తం యంత్రం పడి మళ్లీ లేచినప్పుడు అది కూడా లేచి కూర్చుంటుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. విశాఖలో కొత్తగా చేరిన పిల్లలకి నేనే చెప్పేదాన్ని. ఆదివారం కరెంటు పోయి వచ్చినప్పుడు రెండూ ఒకే కుర్చీ కోసం పరిగెత్తాయి. ఆల్బం ముందు అందుకుంది. బ్యాటరీ ఉంటే అసలు పడేదే కాదు, అది పారేసిందీ నేనే, కొత్తది వేయనిదీ నేనే.

గాలి తిరిగిందని పెట్టె చెబుతూనే ఉంది. మధ్యాహ్నమంతా చెప్పింది. వాన దగ్గరికి కాదు, పెళ్లి ఫొటోల దగ్గరికి వెళ్లి చెప్పుకుంది.

నంబరు మార్చడం ఎంత పని? ఇప్పుడు మార్చాను. ఆల్బం 8090, నా ఆన్‌లైన్ పని 8100. ఇంకేది తెచ్చినా ముందు ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూసి గాని పెట్టను. ఎర్ర లైను వస్తే నా ఫోన్ మోగేలా కూడా చేశాను. టీ చల్లారేలోపు అయిపోయింది అంతా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇంత సుఖంగా ఉంటుందని తెలీదు, మంట తెలియనే తెలియదు. కాలింది నా చేతులు కావు.

రేపు వదినకి చెప్పాలి.

మే 10

వదినకి చెప్పలేదు. ఊళ్లో లేదు. ఉంది, టెక్కలి వెళ్లి మధ్యాహ్నానికల్లా వచ్చేసింది.

మే 11

శివాజీ డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా విప్పుతూ, అసిరయ్యని పొద్దున్న పాసింజర్ ఎక్కించానని చెప్పాడు. భీమవరం వైపు రొయ్యల చెరువుల కాపలాకి మన వాళ్లు కొంతమంది వెళ్తుంటే వాళ్లతో కలిశాడట. ఈ వయసులో. దానమ్మ స్టేషన్‌కి రాలేదట. కాపలా ఉండి నిద్రపోయిన మొగుడు అని మడుల్లో ఆడవాళ్లు దెప్పుతుంటే తల ఎత్తలేక, ఇద్దరికీ మాటా మాటా పెరిగిందట.

"ముసిలాడు ఎక్కేటపుడు ఒకటే అన్నాడే. నాను పడుకోనేదు శివాజీ బాబూ, అన్నాడు. పడుకోనోడు మరి ఎందుకు సూడనేదు?" అని నన్ను అడిగాడు. నాకేం తెలుసు అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా గొంతు నాకే వినబడింది. ఆయన నా వైపు ఒకసారి చూసి స్నానానికి వెళ్లిపోయాడు.

ఇవాళ చెబుదామనే అనుకున్నాను. నిజంగా. ఇవాళే.

మే 13

ఆల్బం ఎవరెవరు చూశారో, ఎప్పుడు చూశారో దానిలోనే ఉంటుంది. ఇన్నాళ్లూ అటు చూడలేదు. ఇవాళ చూశాను.

ఆదివారం మధ్యాహ్నం, మబ్బు ఎక్కుతున్న వేళ, ఆల్బం తెరిచి ఉంది. వదిన ఫోన్. మంగళస్నానం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే చూసింది. తలంబ్రాల దగ్గర చాలాసేపు ఆగింది. ఆ తర్వాత అప్పగింతలు. అప్పగింతల దగ్గర ఆగిపోయింది, మళ్లీ తెరవలేదు. వాన అప్పుడే మొదలైనట్టుంది.

ఆల్బంకి వేరే లింకు నేను ఎవరికీ ఇవ్వలేదు. ఆవిడ తెరిచింది వాన పేజీని. అంటే వాన చోట ఆల్బం కూర్చుందని ఆవిడకి అప్పుడే తెలుసు.

మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత సంతోషం వచ్చింది. దాన్ని తలుచుకుంటేనే సిగ్గేస్తోంది. హమ్మయ్య, నేనొక్కదాన్నే కాదు అనుకున్నాను.

మే 15

వెళ్లాను. వదిన పెరట్లో చిరిగిన టార్పాలిన్ పరిచి అతుకులు వేస్తోంది. నేనూ ఒక చివర పట్టుకుని కూర్చున్నాను. తప్పు కరెంటుది కాదు వదినా, నాది అని మొదలుపెట్టి పోర్టు సంగతి, ఆల్బం సంగతి అంతా చెప్పాను. ఆవిడ తల ఎత్తలేదు. సూది ఆగలేదు.

"తెలుసు" అంది.

ఆ అతుకు పూర్తి చేసి సూది పక్కన పెట్టింది. "అసిరయ్య సెప్పినాడే. గాలి తిరిగింది ఈశ్వరమ్మా, కప్పీద్దుమా అన్నాడు. ఉండు, సూద్దుమని నాను ఫోను తీసినాను. తీస్తే మా పిల్ల. ఎల్లిపోయినాక ఇల్లు ఎలగుందో నీకేటి తెలుసు? మోగనేదు కదా, కూకో అన్నాను ఆడితో. దానమ్మని గూడా పిలిసి సూపించినాను."

పిలిచి చూపించింది. దానమ్మ, ఇంకో ఇద్దరు ముగ్గురు, షెడ్డు నీడలో ఒక ఫోన్ చుట్టూ చేరి, పెళ్లికూతురి బుగ్గచుక్క బాగుందనీ వడ్డాణం బాగుందనీ అనుకుంటున్నారు. అసిరయ్య పచ్చలైటు పక్కన కూర్చుని ఉన్నాడు, కూర్చోమన్నారు కాబట్టి. ఇది నేను కళ్లతో చూడలేదు. అయినా కళ్లు మూస్తే ఇదే కనబడుతోంది.

అలాంటప్పుడు అతన్ని పదిమందిలో ఎందుకు నిలబెట్టావు వదినా అని అడిగాను. ఆవిడ జవాబులో ఉన్న భయం నాకు కొత్తది కాదు. ఆడదాని చేతి కింద ఇంతమంది పనిచేస్తున్నారంటే మాట మీద నమ్మకం ఉండబట్టే, పెళ్లి ఫొటోలు చూసుకుంటూ ఉప్పు పోగొట్టుకుందంటే రేపు ఎవరు కప్పమంటే కప్పుతారు అంది. ఆ నిమిషంలో నోటికి అతని పేరే వచ్చిందట, వచ్చాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదట. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా ఇద్దరి పిడికెళ్లూ కలిపి ఆ ముసలాయన మూటలో పోశాం.

లేచేటప్పుడు అంది, "నీది నువ్వు సెప్పుకుంటే సెప్పుకో. నా పేరు మాత్రం ఎత్తకు, నీకు దండం పెడతాను." ఈశ్వరి వదిన దండం పెట్టడం నేను ఎప్పుడూ వినలేదు. సరే అన్నాను.

మే 18

అసిరయ్యకి ఫోన్ చేశాను. వెనకాల చెరువులో నీళ్లు తిప్పే మిషన్ల హోరు. బాగున్నావా అంటే బాగున్నానమ్మా అన్నాడు. చెప్పాను. పోర్టు అనీ కంటైనర్ అనీ ఏమీ అనలేదు. నీ పచ్చలైటు సరిగ్గానే ఉంది, మా ఇంట్లో నేను చేసిన తప్పు వల్ల మోగలేదు, నీది ఏ తప్పూ లేదు అన్నాను. తను మా ఇంటికి వచ్చినప్పుడే నాకు తెలుసా అని అడుగుతాడని భయపడ్డాను. అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

తర్వాత అతను అడిగింది ఒక్కటే. "నాను ముందే సెప్పినానని మా దానమ్మకి సెప్తావా, ఝాన్సమ్మా? నాను సెప్తే నమ్మనేదు. తప్పించుకోడానికి అంతన్నావు అన్నాది."

చెబుతాను అన్నాను.

అక్కడ నిద్ర పడుతోందా అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కదా. అక్కడా ఒక మిషను ఉందట, నీళ్లలో గాలి తగ్గితే మోగుతుందట. "మోగినా మోగకపోయినా లెగిసి సూస్తన్నానమ్మా. నిద్దర పోయింది" అన్నాడు. నిష్ఠూరం లేదు గొంతులో. వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.

అతను అడిగిన మాట, వదిన ఎత్తొద్దన్న మాట ఒకటే. ఇద్దరికీ సరే అన్నాను.

మే 19

దానమ్మ ఇంటి దాకా వెళ్లి తిరిగి వచ్చాను. తలుపు తీసే ఉంది.

మే 20

వాన పేజీ మీద రాశాను. మడుల వాళ్లందరి ఫోన్లలో ఉన్నది అదే. ఎండ బొమ్మ పైన, పెద్ద అక్షరాలతో: "మే నాలుగున సైరన్ మోగకపోవడం మా ఇంట్లో మిషను దగ్గర నేను చేసిన తప్పు. అసిరయ్య తప్పు ఏమీ లేదు. ఝాన్సీ."

అంతే రాశాను. ముందే చెప్పాడన్న ముక్క మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపేశాను. వదిన దండం గుర్తొచ్చింది అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, ఆ ముక్క రాస్తే ఎవరికి చెప్పాడు అన్న ప్రశ్న వస్తుంది. వదినతో రేపటి నుంచి ఎలా బతకాలి అన్నది నా భయం. అసిరయ్యకి ఇచ్చిన మాటలో సగం ఇచ్చాను. సగం తాడుతో నీళ్లు అందవు.

శివాజీ పేజీ చూశాడు. పళ్లెంలో నాక్కూడా అన్నం పెట్టాడు.

మే 21

సాయంత్రం దానమ్మ వచ్చింది. మడుల నుంచి నేరుగా, కాళ్లకి ఇంకా తెల్లగా ఉప్పు. గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

పొద్దున్న ఫోన్లో ఎండ బొమ్మ పైన ఏదో రాత కనబడితే ఆడవాళ్లంతా ఏటిది ఏటిది అనుకున్నారట. ఒక్కరికీ చదవడం రాదు. అప్పుడే వచ్చిన వదిన చేతికి ఫోన్ ఇచ్చి చదివి పెట్టమన్నారట. వదిన కళ్లద్దాలు తెచ్చుకోలేదట, ఫోన్ దూరం పెట్టి దగ్గర పెట్టి, చాలాసేపు మనసులో చదువుకుందట. తర్వాత గట్టు ఎక్కి అందరికీ వినబడేలా చదివిందట.

"నువ్వు రాసినవి రెండు ముక్కలూ సదివింది మీ వదిన" అంది దానమ్మ. "మిషను తప్పు నీదని ఒకటి. గాలి తిరిగిందని అసిరయ్య ముందే సెప్తే, ఈశ్వరమ్మే కూకోమన్నాదని ఒకటి. అలగ రాసినావని తెలిస్తే ఆవిడ నిన్ను బతకనిస్తాదా? ఎంత గుండె నీది."

దానమ్మ అప్పుడే గట్టు మీద నుంచే మొగుడికి ఫోన్ చేసి చెప్పిందట. నమ్మనందుకు నన్ను చెప్పుతో కొట్టు అందట. వచ్చెయ్యమంటే, చెరువులో రొయ్యలు పట్టేదాకా రానన్నాడట, ఒప్పుకున్న కాపలా మధ్యలో వదలకూడదని. ఈలోగా తొలకరి వచ్చేస్తుంది, మడుల పని ఎలాగూ ఆగిపోతుంది. షెడ్డు తాళం మాత్రం వదిన దానమ్మ చేతిలో పెట్టిందట, అతను వచ్చాక ఇమ్మని. కొంగు ముడి విప్పి చూపించింది.

ఆవిడ వెళ్లిపోయాక ఫోన్ తీసి పేజీ మళ్లీ చూశాను, ఒకవేళ చెరిపానని అనుకుని చెరపలేదేమో అని. లేదు. నేను రాసింది మొదటి ముక్క ఒక్కటే.